కీడు చేసినవాళ్ళకి తిరిగి మేలు చేయడం ఎలా? మొదటి గంట నుంచి వాళ్ళు క్షమాపణ అడిగే రోజు దాకా

మనకి కీడు చేసినవాళ్ళకి మనం మేలే చేయాలి అని విశ్వాసులందరికీ తెలుసు, ఎన్నో ప్రసంగాల్లో విన్నాం, ఆమెన్ అని కూడా అన్నాం. కానీ మన మీద లేనిపోనివి చెప్పిన మనిషి సోమవారం పొద్దున్నే ఆఫీస్‌లో ఎదురుగా వచ్చి నిలబడితే ఆ నిమిషంలో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఏం చేయాలి, ఇదంతా విడమరిచి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నా. ఇందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఉండవు, చేయగలిగిన పనులే ఉంటాయి.

ముందు ఒక పని చేయండి. రోమా పత్రిక 12వ అధ్యాయం 14వ వచనం నుంచి 21 దాకా నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. "కీడువలన జయింపబడక, మేలు చేత కీడును జయించుము" అనే మాట దగ్గర అది ముగుస్తుంది. పౌలు ఈ పత్రిక క్రీ.శ. 57 ప్రాంతంలో రాశాడు, చదివినవాళ్ళు సుఖంగా బతుకుతున్నవాళ్ళేం కాదు. అంతకుముందే క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి వెళ్ళగొట్టాడు, అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అలా ఊరు వదిలి వచ్చినవాళ్ళే. తర్వాత 64లో రోమా తగలబడినప్పుడు నీరో ఆ నింద క్రైస్తవుల మీదకి నెట్టి వాళ్ళని చంపించాడు. అంటే ఈ మాటలు నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళకి, ఇంకా తినబోయేవాళ్ళకి రాసినవి, కాబట్టి "నా పరిస్థితి వేరండీ, నాకు ఇవి కుదరవు" అనే ముందు ఒక్కసారి ఆగండి. ఇంకోటి గమనించండి, 17వ వచనంలో పౌలు అందరి దృష్టికి ఏది మంచిదో దాని గురించి ఆలోచన కలిగి ఉండమంటున్నాడు. మేలు దానంతట అది జరిగిపోదు, కీడు అయితే ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది, మేలు మాత్రం ముందే కూర్చుని ప్లాన్ చేసుకోవాలి. నేను ఈ గైడ్ మొత్తంలో చెప్పేది ఇదే.

మొదటి గంటల్లో

కోపంగా ఉన్నప్పుడు జవాబు ఇవ్వకండి. మెసేజ్ టైప్ చేయకండి, వాయిస్ మెసేజ్ అసలే వద్దు, ఎందుకంటే మీరు మాట్లాడిన నాలుగు మాటల్లో రెండు కట్ చేసి ఇంకో పదిమందికి పంపడం చాలా సులువు. గ్రూప్‌లో జరిగిన గొడవ అయితే గ్రూప్‌లో జవాబు ఇవ్వకండి. ఎదురుగా ఉండి అడుగుతుంటే "దీని గురించి రేపు మాట్లాడతాను" అని చెప్పి అక్కడ నుంచి వచ్చేయండి, అది ఓడిపోవడం కాదు. ఎఫెసీ పత్రికలో సూర్యుడు అస్తమించేదాకా కోపం పెట్టుకోవద్దు అని ఉంది కదా, దాన్ని చాలామంది ఈ రాత్రికే గొడవ మొత్తం తేల్చేయాలి అన్నట్టు తీసుకుని అర్ధరాత్రి ఫోన్లు చేసి ఇంకా పాడు చేసుకుంటారు. ఆ రాత్రికి మీరు చేయాల్సింది, వాడి మీద ఎలా కసి తీర్చుకోవాలా అని పథకాలు వేసుకుంటూ పడుకోకపోవడం, అంతవరకే. మాట్లాడడం రేపైనా ఎల్లుండైనా అవ్వచ్చు.

ఇక్కడ దావీదు కథ కొంచెం వివరంగా చెప్పాలి, నాకైతే బైబిల్‌లో ఈ విషయం మీద ఇంతకంటే ఉపయోగపడే భాగం లేదనిపిస్తుంది. 1 సమూయేలు 24లో సౌలు రాజు దావీదుని చంపడానికి 3000 మందితో వెతుక్కుంటూ వచ్చి, దావీదు దాక్కున్న గుహలోకే ఒంటరిగా వస్తాడు. పక్కనున్నవాళ్ళు ఇదే దేవుడిచ్చిన ఛాన్స్ అంటారు, దావీదు మాత్రం సౌలు వస్త్రపు చెంగు కోసి వదిలేస్తాడు, ఆ చెంగు కోసినందుకు కూడా మనసు నొచ్చుకుంటాడు. ఎంత గొప్ప విజయం! సరే, పేజీ తిప్పి 25వ అధ్యాయానికి వస్తే అదే దావీదు, నాబాలు అనే మోటు మనిషి తిండి పెట్టను పొమ్మని అవమానంగా మాట్లాడాడని 400 మందికి కత్తులు కట్టించి, ఆ ఇంట్లో మగవాడనేవాడు మిగలకుండా చేస్తానని బయల్దేరతాడు. ప్రాణం తీయాలని చూసిన రాజుని వదిలేసినవాడు ఒక ముక్క తిట్టు దగ్గర పడిపోబోయాడు. మనం కూడా అంతే కదా, పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఉపవాసం ఉండి ప్రార్థన చేసి నిలబడతాం, ఇంట్లోవాళ్ళు అన్న చిన్న ఎత్తిపొడుపు మాటకి మాత్రం మండిపోతాం. చిన్న అవమానాలకి కూడా ముందే సిద్ధపడి ఉండాలి.

ఆ రోజు దావీదుని ఆపింది నాబాలు భార్య అబీగయీలు. భర్త చేసింది తప్పని ఒప్పుకుంది, రొట్టెలు, వండిన మాంసం, అంజూరపు పళ్ళ ముద్దలు గాడిదల మీద వేసుకుని ఎదురెళ్ళింది, రేపు నువ్వు రాజువయ్యాక ఈ రక్తం నీ మనసుకి భారంగా ఉండకూడదయ్యా అని చెప్పింది. మీకు అలాంటి మనిషి ఒకరు ఉన్నారా? లేకపోతే ఇవాళే వెతుక్కోండి. మనకి గాయం తగలగానే మనం ఫోన్ చేసేది ఎవరికంటే, మన పక్షాన ఇంకా గట్టిగా తిట్టేవాళ్ళకి. దాని బదులు, మన బాధ పూర్తిగా విని, ఆ తర్వాత "అది మాత్రం చేయొద్దమ్మా" అని చెప్పగలిగే ఒక్కరికే ఫోన్ చేయండి. ఒక్కరికే, ఎందుకంటే సంఘంలో పదిమందికి "ప్రార్థన చేయండి" అని చెప్తూ ఆ మనిషి చేసిందంతా చెప్పేస్తే అది ప్రార్థన మనవి కాదు, చాడీ.

ప్రార్థన ఎలా చేయాలి

"మిమ్మును బాధించువారికొరకు ప్రార్థనచేయుడి" అన్నారు ప్రభువు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నోరు పెగలదు. అది సహజం, దానికి భయపడకండి. మొదట జరిగింది జరిగినట్టు దేవునికి చెప్పుకోండి, మర్యాదగా చెప్పాలని చూడకండి. 55వ కీర్తన చూడండి, శత్రువు చేసి ఉంటే ఓర్చుకునేవాడిని, చేసింది నా స్నేహితుడివి నువ్వు అని దావీదు ఎలా విలపించాడో. 109వ కీర్తనలో అయితే మాటలు ఇంకా ఘాటుగా ఉంటాయి. ఆ కోపమంతా దావీదు దేవుని దగ్గర కుమ్మరించాడు. మనం కూడా అక్కడ కుమ్మరిస్తే మనిషి ముందు కుమ్మరించాల్సిన అవసరం తగ్గుతుంది.

తర్వాత ఆ మనిషి పేరు పెట్టి అడగండి. "వాళ్ళకి బుద్ధి చెప్పు ప్రభువా", "వాళ్ళ తప్పు వాళ్ళకి తెలిసొచ్చేలా చెయ్యి" ఇలాంటివి మొదట్లో వద్దు, అవి పైకి ప్రార్థనలా ఉంటాయి గానీ లోపల ఫిర్యాదే. మీ కోసం మీరు ఏం అడుక్కుంటారో అదే వాళ్ళకి అడగండి, ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లల చదువు, ఇంట్లో సమాధానం. మాటలు రాకపోతే "ప్రభువా, ఈ మనిషికి ఈ రోజు మేలు చెయ్యి" అన్న ఒక్క వాక్యం చాలు, రోజూ ఒకే టైంకి, మనసులో ఇష్టం లేకపోయినా సరే. ఇష్టం లేకుండా చేస్తే వేషధారణ కాదా అని అడుగుతారు. కాదండీ, ప్రభువు ప్రార్థన చేయమని ఆజ్ఞ ఇచ్చాడు, ముందు ఇష్టం పుట్టించుకుని అప్పుడు రమ్మనలేదు. యోబు చూడండి, తనని అంతలా నిందించిన స్నేహితుల కోసం ప్రార్థన చేశాడు, ఆ తర్వాతే యెహోవా అతని స్థితిని మార్చాడని 42వ అధ్యాయంలో ఉంది.

మేలు అంటే ఏం చేయాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మనం మేలు అనగానే ఏదో పెద్ద త్యాగం ఊహించుకుని చేయలేక వదిలేస్తాం. నిర్గమకాండం 23లో నీ శత్రువు ఎద్దు గాని గాడిద గాని తప్పిపోయి కనబడితే తోలుకెళ్ళి అప్పగించు, నీ మీద పగ ఉన్నవాడి గాడిద బరువు కింద పడి ఉంటే వదిలేసి పోకుండా వాడితో కలిసి లేపు అని ఉంది. చూశారా, మీరు వెళ్ళే దారిలో ఉన్న పని, చేతికి అందే పని, ఆ మనిషికి నిజంగా అవసరమైన పని. వెళ్ళి కౌగిలించుకోమని చెప్పలేదు. ముందు చేతులు కదిలితే మనసు తర్వాత దారికొస్తుంది.

దీన్ని మన రోజుల్లోకి తెచ్చుకుంటే, మీరు చేసిన పనికి తన పేరు పెట్టుకున్న సహోద్యోగికి మీ దగ్గర మాత్రమే ఉన్న ఫైల్ కావాల్సి వస్తే, సాగదీయకుండా, సగం దాచకుండా, టైంకి పూర్తిగా ఇచ్చేయండి. పదిమంది కూర్చుని అతని గురించి చెడ్డగా మాట్లాడుతుంటే మీరు ఒక మాట కలపకండి, అతను నిజంగా బాగా చేసిన పని ఉంటే అది బాగుందని చెప్పండి. మీ గురించి ఇంటింటికీ మాటలు మోసిన తోటికోడలికి ఒంట్లో బాలేకపోతే వెళ్ళి ఆ పూట పిల్లల్ని చూసుకోండి, వెళ్ళినప్పుడు పాత సంగతి ఎత్తకండి. కనబడినప్పుడు పలకరించడం కూడా మేలే, మొహం తిప్పుకోకపోవడం కూడా మేలే. 2 రాజులు 6లో ఎలీషా ప్రవక్తని పట్టుకోవడానికి వచ్చిన సిరియా సైన్యం చివరికి ఇశ్రాయేలు రాజు చేతికి చిక్కితే, చంపేయనా అని రాజు అడిగితే, ఎలీషా అన్నం నీళ్ళు పెట్టి పంపించేయమన్నాడు. రాజు గొప్ప విందు చేసి పంపాడు, ఆ దండులు మళ్ళీ ఇశ్రాయేలు దేశంలోకి రాలేదని రాసి ఉంది.

కొన్ని మేలులా కనబడతాయి గానీ కావు. వాళ్ళు చూడాలని వాట్సాప్ స్టేటస్‌లో తీర్పు గురించిన వచనాలు పెట్టడం, ఇది మన విశ్వాసుల్లో చాలా ఎక్కువైపోయింది, దయచేసి మానేయండి, దేవుని వాక్యం మన పగ తీర్చే సూది కాదు. అలాగే గొడవ మధ్యలో "నీ కోసం ప్రార్థన చేస్తున్నాలే" అనడం, అది ఎదుటివాళ్ళకి తిట్టులాగే వినబడుతుంది. చేసే మేలు నలుగురిలో చేసి వాళ్ళని చిన్నబుచ్చడం కూడా అంతే. శత్రువుకి అన్నం నీళ్ళు పెడితే అతని తలమీద నిప్పులు కుప్పగా పోస్తావు అని రోమా 12, 20వ వచనంలో ఉన్న మాటని పట్టుకుని "మేలు చేస్తే వాడు కాలిపోతాడు" అని సంతోషపడేవాళ్ళున్నారు. ఆ నిప్పులు సిగ్గు, పశ్చాత్తాపం అని కొందరు బోధకులు చెప్తారు, దేవుని తీర్పు అని కొందరు చెప్తారు, ఏదైనా సరే వెంటనే వచ్చే 21వ వచనం మేలుతో కీడుని జయించమంటోంది గానీ మనిషిని కాల్చమనడం లేదు.

ఓర్చుకోవడం వేరు, నోరు మూసుకుని పడి ఉండడం వేరు

ఇది గట్టిగా చెప్పాలనుకుంటున్నా. రెండో చెంప చూపించమన్న ప్రభువే, యోహాను 18లో బంట్రౌతు తనని కొట్టినప్పుడు, నేను చెడ్డగా మాట్లాడితే అదేంటో చూపించు, మంచిగా మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, అలాగని తప్పుని ఒప్పు అని కూడా అనలేదు. పౌలు ఫిలిప్పీ జైల్లో ఏం చేశాడో చూడండి, తలుపులన్నీ తెరుచుకున్నా పారిపోకుండా, కత్తి దూసుకుని చనిపోబోతున్న జైలు అధికారిని కేక వేసి ఆపాడు, పొద్దున్న అధికారులు రహస్యంగా వెళ్ళిపోమంటే మాత్రం, విచారణ లేకుండా రోమీయులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించి ఇప్పుడు దొంగచాటుగా పంపుతారా, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి అన్నాడు. ఒకే మనిషి, ఒకే రాత్రీ పగలూ, శత్రువు ప్రాణం కాపాడాడు, తన హక్కు కూడా అడిగాడు. రోమా 12 తర్వాత వెంటనే 13లో కీడు చేసేవాడిని శిక్షించడానికి అధికారులు దేవుని సేవకులని అదే పౌలు రాశాడు. పగ తీర్చుకోవద్దు అంటే కంప్లైంట్ ఇవ్వొద్దు అని కాదు.

కాబట్టి ఇంట్లో కొడుతుంటే, పిల్లల మీద ఎవరైనా చెయ్యి వేస్తే, లైంగికంగా వేధిస్తుంటే, డబ్బు మోసం చేస్తే, ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి, నమ్మకమైనవాళ్ళకి చెప్పండి, పోలీసులకి చెప్పండి. సంఘ పెద్దలకి చేతులు జోడించి చెప్తున్నా, దెబ్బలు తిని వచ్చిన అమ్మాయికి "మేలుతో జయించాలమ్మా" అని వచనం చెప్పి మళ్ళీ అదే ఇంటికి పంపకండి. కొట్టేవాడిని ఆపడం కొట్టేవాడికి కూడా మేలే, ఇంకో పాపం చేయకుండా కాపాడినట్టు అవుతుంది. కుష్ఠురోగులకి సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్ స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు కొడుకులు ఫిలిప్, తిమోతిలని 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో జీపులో సజీవంగా కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్ళని క్షమిస్తున్నానని బహిరంగంగా చెప్పారు, బారిపదలో కుష్ఠురోగుల సేవలోనే కొనసాగారు, 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కోర్టు కేసు మాత్రం దాని దారిలో అది నడిచింది, ప్రధాన నిందితుడి జీవితఖైదుని సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. ఆవిడ క్షమాపణ కోర్టు పనికి అడ్డు రాలేదు, కోర్టు శిక్ష ఆవిడ క్షమాపణని తగ్గించలేదు.

నమ్మకం సంగతి కూడా ఇలాంటిదే. క్షమించాను కదా అని తాళాలు మళ్ళీ చేతికివ్వాల్సిన పని లేదు. గుహ దగ్గర సౌలు ఏడ్చి, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాక కూడా దావీదు అతనితో ఇంటికి వెళ్ళలేదు, తన కొండస్థలానికే వెళ్ళిపోయాడు, అది మంచిదే అయింది, 26వ అధ్యాయంలో సౌలు మళ్ళీ 3000 మందితో వచ్చాడు. కంచరివాడు అలెక్సంద్రు నాకు చాలా కీడు చేశాడు, ప్రతిఫలం ప్రభువే ఇస్తాడు, అతని విషయంలో నువ్వు జాగ్రత్త అని పౌలు తిమోతికి రాశాడు. యోసేపు అయితే ఇంకా బాగా చూపించాడు, తనని బానిసగా అమ్మేసిన అన్నలు కరువులో మొదటిసారి ధాన్యానికి వచ్చినప్పుడు సంచులు నింపించి, ఎవరి డబ్బు వాళ్ళ సంచిలో తిరిగి పెట్టించి, దారికి భోజనం కూడా ఇప్పించాడు, కానీ తానెవరో మాత్రం చెప్పలేదు, వాళ్ళు మారారో లేదో పరీక్షించి చూశాకే చెప్పాడు. మేలు ఇవాళే చేయొచ్చు, నమ్మకానికి టైం పడుతుంది. "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు పౌలు, అవతలివాళ్ళ చేతిలో ఉన్న సగానికి మిమ్మల్ని బాధ్యుల్ని చేయలేదు.

వాళ్ళు మారకపోతే

మారకపోవచ్చు. నెదర్లాండ్స్‌లో 1569లో డిర్క్ విల్లెమ్స్ అనే విశ్వాసి తన విశ్వాసం కోసం జైలు పాలై, తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ళ మీద నుంచి పారిపోతున్నాడు, వెంటాడుతున్నవాడి కింద మంచు విరిగి అతను నీళ్ళలో పడిపోయాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని బయటికి లాగాడు. ఆ మేలు వల్ల డిర్క్ పట్టుబడ్డాడు, అదే సంవత్సరం మే నెలలో అతన్ని కాల్చి చంపారు. మేలు చేస్తే అందరూ మారిపోతారు అని ఎవరైనా మీకు చెప్తే నమ్మకండి, వాక్యం అలా మాట ఇవ్వలేదు. పేతురు చెప్పింది, యేసు తనని దూషించినా తిరిగి దూషించక, న్యాయంగా తీర్పు తీర్చే దేవునికి తనని తాను అప్పగించుకున్నాడని. మనం చేయాల్సింది కూడా ఆ అప్పగించడమే.

అప్పగించారో లేదో తెలుసుకోవాలంటే, మీరు వాళ్ళ ప్రొఫైల్ ఎన్నిసార్లు తెరిచి చూస్తున్నారో గమనించండి. వాళ్ళకి నష్టం వచ్చిందని తెలిస్తే లోపల ఏమైనా తియ్యగా అనిపిస్తోందా? నీ శత్రువు పడితే సంతోషించకు అని సామెతలు 24లో ఉంది. అలా అనిపిస్తే బాధపడి కూర్చోకుండా మళ్ళీ ప్రార్థన దగ్గరికి వెళ్ళండి, పేరు పెట్టి అడగడం మళ్ళీ మొదలుపెట్టండి. వాళ్ళ వార్తలు మోసుకొచ్చేవాళ్ళకి "నాకు చెప్పొద్దు అక్కా" అని ప్రేమగా చెప్పేయండి.

ఒక రోజు వాళ్ళే వచ్చి క్షమించమని అడిగితే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండండి, ఎందుకంటే ఆ క్షణంలో పాత లెక్కలన్నీ నోటికి వచ్చేస్తాయి. తండ్రి చనిపోయాక యోసేపు అన్నలు, ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో అని భయపడి మళ్ళీ క్షమాపణ అడిగారు, అప్పటికే ఎన్నో ఏళ్ళ నుంచి వాళ్ళని పోషిస్తున్నాడు, అయినా వాళ్ళ భయం పోలేదు. యోసేపు ఏడ్చాడు, నేను దేవుని స్థానంలో ఉన్నానా అన్నాడు, మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేను పోషిస్తాను అని వాళ్ళతో ప్రీతిగా మాట్లాడాడు. మీరు కూడా వాళ్ళని మాట పూర్తి చేయనివ్వండి, "ఏం పర్లేదు, ఏం జరగలేదు" అని అబద్ధం చెప్పకండి, జరిగింది, బాధ కలిగింది. "నాకు చాలా బాధ కలిగింది, నిన్ను క్షమించాను" అనండి. అప్పు గాని మాట గాని సరిచేసుకోవాల్సింది ఉంటే అది ఎలా, ఎప్పటికి అన్నది అక్కడే నెమ్మదిగా మాట్లాడుకోండి, తర్వాత ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి, వాళ్ళు వెళ్ళాక ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకండి.